లక్షద్వీప్ ఎన్నిక: బరువైన ఓటు, ఒంటరి ఓటు

(గ్రంథాలయ నెలవారీ సభలో ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం. తడబాట్లను మాత్రమే తొలగించాం.)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను సార్వత్రిక ఎన్నికల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే ఎవరికైనా ముందు 80 స్థానాల ఉత్తరప్రదేశ్ గుర్తుకు వస్తుంది. నేను మాత్రం ఆ పట్టికకు చిట్టచివర, చాలా పత్రికలు ఒక్క వరుసలో ముగించే చోట ఉండే లక్షద్వీప్ గురించి మాట్లాడదలచుకున్నాను. ఆ పేరు విని ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు. పరవాలేదు, నవ్వండి. గంట గడిచేసరికి ఆ ఒక్క వరుసలో ఎంత కథ ఉందో మీరే చూస్తారు.

ముందు స్థలం తెలియాలి. కేరళ తీరానికి పడమరగా, కొచ్చికి రమారమి 220 నుంచి 440 కిలోమీటర్ల దూరంలో అరేబియా సముద్రంలో చెదిరి ఉన్న 36 పగడపు దీవుల సమూహం అది. అన్నీ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లు. మనుషులు నివసించేవి పది దీవులు. కవరత్తి రాజధాని, విమానం దిగే నేల ఉన్నది అగత్తి, అన్నిటికంటే పెద్దది ఆండ్రోత్, దక్షిణాన దూరంగా విసిరేసినట్టు ఉండేది మినికాయ్. 2011 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనం 64 వేల పైచిలుకు. అందులో బిత్రా అనే దీవిలో ఉన్నది 271 మంది. మన ఊళ్ళో ఒక మోస్తరు పెళ్ళికి వచ్చేవారు అంతకంటే ఎక్కువ ఉంటారు కదా? ఆ 271 మంది ఉన్న దీవిలో కూడా పోలింగ్ కేంద్రం ఉంటుంది, ఈవీఎం వెళుతుంది, అధికారులు వెళతారు, వేలికి సిరా గుర్తు పడుతుంది.

ఇక్కడ మన తెలుగు నేలతో ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 2019 ఎన్నికల్లో దేశంలోకెల్లా ఎక్కువ ఓటర్లున్న లోక్‌సభ నియోజకవర్గం మన మల్కాజిగిరి. అప్పుడు అక్కడి ఓటర్లు 31 లక్షల 50 వేలు. అదే ఎన్నికలో అతి తక్కువ ఓటర్లున్న నియోజకవర్గం లక్షద్వీప్. అక్కడ 55 వేల పైచిలుకు. మల్కాజిగిరిలో 31 లక్షల మంది కలిసి ఒక ఎంపీని పంపితే, అక్కడ 55 వేల మంది కలిసి ఒక ఎంపీని పంపారు. లోక్‌సభలో ఇద్దరికీ ఒకటే కుర్చీ, ఒకటే ఓటు. భాగించి చూడండి, దాదాపు 57 రెట్లు. అంటే కాగితం మీద కవరత్తిలోని ఒక కొబ్బరి రైతు ఓటు, కుషాయిగూడలోని ఒక ఉద్యోగి ఓటుకు 57 రెట్ల బరువు తూగుతుంది. 2024 నాటికి మల్కాజిగిరి 37 లక్షలు దాటింది, దీవుల్లో ఓటర్లు సుమారు 58 వేలకు చేరారు. తేడా ఇంకా పెరిగింది.

ఇది అన్యాయం కాదా అని మీరు అడగవచ్చు. నా విద్యార్థులు ప్రతి ఏడూ అడిగేవారు. రాజ్యాంగం 81వ అధికరణం జనాభాకూ స్థానాలకూ మధ్య నిష్పత్తి వీలైనంత సమానంగా ఉండాలని చెప్పింది రాష్ట్రాల విషయంలో. కేంద్రపాలిత ప్రాంతాలకు ఆ కొలబద్ద పెట్టలేదు. వాటికి ఇరవైకి మించకుండా స్థానాలు కేటాయించి, ప్రతినిధులను ఎన్నుకునే విధానాన్ని పార్లమెంటు చట్టానికి వదిలింది. కొలబద్ద పెట్టి ఉంటే ఏమయ్యేది? ఈ దీవులను కేరళలోని ఏదో ఒక తీర నియోజకవర్గానికి తోకలా తగిలించేవారు. అప్పుడు పది పన్నెండు లక్షల ఓట్ల మధ్య ఈ 58 వేల ఓట్లు ఎవరికి పట్టేవి? ఏ అభ్యర్థి పదిహేను గంటలు ఓడలో ప్రయాణించి బిత్రా దాకా వెళ్ళి దండం పెట్టేవాడు? కనుక ఆ బరువును నేను తప్పు పట్టను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఇంత బరువున్న ఆ ఓటుతో అక్కడి మనిషి ఏమి చేయగలడు? నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఈ ప్రశ్న అడగడానికే.

మన సంగతి చూడండి. మన ఊరి రోడ్డు బాగా లేకపోతే సర్పంచిని అడుగుతాం, భూమి పట్టా రాకపోతే ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడతాం, రైలు ఆగకపోతే ఎంపీకి అర్జీ ఇస్తాం. మూడు మెట్లు, మూడు ఓట్లు. లక్షద్వీప్‌లో మధ్య మెట్టు లేదు. శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు, ఎమ్మెల్యే అనే పదవే లేదు. రాష్ట్రపతి నియమించే అడ్మినిస్ట్రేటర్ పాలిస్తారు. 240వ అధికరణం ప్రకారం ఆ దీవుల శాంతి, ప్రగతి, సుపరిపాలన కోసం రాష్ట్రపతే రెగ్యులేషన్లు చేయవచ్చు. ఆ రెగ్యులేషనుకు ఎంత శక్తి ఉందంటే, అది పార్లమెంటు చట్టాన్ని కూడా ఆ ప్రాంతానికి సంబంధించినంతవరకు రద్దు చేయగలదు, మార్చగలదు. మనకు భూమి, పంచాయతీ, పశువులు వంటి విషయాల్లో శాసనసభ చేసే చట్టాలు అక్కడ ఈ దారిన రావచ్చు. దీవుల వారు ఎన్నుకునే సంస్థలు కింద పంచాయతీలు, పైన ఆ ఒక్క ఎంపీ. మధ్యలో ఉన్నదంతా నియామకమే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇది పుస్తకాల్లోని సంగతి మాత్రమే కాదని 2021లో దేశమంతా చూసింది. 2020 డిసెంబరులో ప్రఫుల్ ఖోడా పటేల్ అడ్మినిస్ట్రేటరుగా వచ్చిన తరువాత కొన్ని ముసాయిదా రెగ్యులేషన్లు వెలువడ్డాయి. అభివృద్ధి పేరిట ఏ ప్రాంతాన్నయినా ప్రణాళికా ప్రాంతంగా ప్రకటించే అధికారం ఒకటి, విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించే వీలు ఒకటి, ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదనే నిబంధన ఒకటి, గోమాంసంపై నిషేధం ఒకటి. ఇవి మంచివా చెడ్డవా అన్న వాదన అలా ఉంచండి. పాలనా యంత్రాంగం అవి అభివృద్ధికి అవసరమంది, దీవుల వారు తమ నేలకూ అలవాట్లకూ ముప్పు అన్నారు. నేను అడిగేది ఒక్కటే. ఆ వాదన జరగవలసిన సభ ఏది? వాళ్ళకు సభ లేదు. జూన్ 7న పన్నెండు గంటల నిరాహారదీక్ష చేశారు. కరోనా ఆంక్షల కాలం కనుక ఎవరి ఇంటి ముందు వారు అట్టముక్కల మీద నినాదాలు రాసి కూర్చున్నారు. కొందరు సముద్రపు నీటి అడుగున నిలబడి నినాదాలు చూపారు. దానికి వారం ముందు, మే 31న, వారికి మద్దతుగా ఏకగ్రీవ తీర్మానం చేసిన శాసనసభ ఏదో తెలుసా? కేరళ శాసనసభ. తాము ఎన్నుకోని, తాము ఓటు వేయడానికి హక్కే లేని పొరుగు సభ వారి తరఫున మాట్లాడవలసి వచ్చింది.

కొంచెం వెనక్కి వెళదాం, ఎందుకంటే ఈ చరిత్రలో మన పాలూ ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దీవులు మద్రాసు రాష్ట్రంలోనివి. లక్కదీవులూ మినికాయ్ మలబారు జిల్లా కింద, ఉత్తరాన ఉన్న అమినిదీవులు దక్షిణ కెనరా జిల్లా కింద ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అనంతపురం, అమిని ఒకే రాష్ట్రం. మన తాతలూ వాళ్ళ తాతలూ ఒకే మద్రాసు సచివాలయానికి అర్జీలు పెట్టుకున్నవారే. ఆ తరువాత 1956 నవంబరు 1 వచ్చింది. మనకది ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం. వాళ్ళకు కేంద్రపాలిత ప్రాంతం పుట్టిన దినం. ఒకే రోజు, ఒకే చట్టం. మనకు శాసనసభ వచ్చింది, వాళ్ళకు అడ్మినిస్ట్రేటరు వచ్చారు. లక్షద్వీప్ అనే పేరు కూడా 1973లో పెట్టినదే.

ఇంకొక చిత్రం వినండి. 1957లో దేశమంతా రెండో సార్వత్రిక ఎన్నిక జరిగింది, 1962లో మూడోది జరిగింది. ఈ రెండుసార్లూ దీవుల ఎంపీని ఎవరు ఎన్నుకున్నారు? ఎవరూ ఎన్నుకోలేదు. రాష్ట్రపతి నామినేట్ చేశారు. దీవుల వారు తమ ఎంపీని తాము ఎన్నుకున్నది 1967లో. ఆ ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినది పాతికేళ్ళు నిండిన ఆండ్రోత్ యువకుడు పి.ఎం.సయీద్. తరువాత కాంగ్రెస్‌లో చేరారు. 1971లో పోటీయే లేకుండా ఎన్నికయ్యారు. 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినప్పుడు మన రాష్ట్రంలో 42కి 41 కాంగ్రెస్‌కు దక్కాయి కదా, అక్కడ ఉన్న ఒక్కటీ దక్కింది. ఇలా 1967 నుంచి 1999 దాకా వరుసగా పది ఎన్నికలు ఆయనవే.

సయీద్ గారి గురించి మనం మరచిపోకూడని విషయం ఒకటుంది. అమలాపురం నుంచి వెళ్ళిన మన జి.ఎం.సి.బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు ఆయన కింద డిప్యూటీ స్పీకరు ఈ లక్షద్వీప్ సయీదే. ఇటు కోనసీమ కొబ్బరి, అటు పగడపు దీవుల కొబ్బరి! 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో బాలయోగి గారు పోయినప్పుడు, మే నెలలో మనోహర్ జోషీ ఎన్నికయ్యేదాకా స్పీకరు బాధ్యతలు నిర్వహించినది ఆయనే. దేశంలో అతి తక్కువ ఓటర్లున్న స్థానం నుంచి వచ్చిన సభ్యుడు 543 నియోజకవర్గాల ప్రతినిధులను అదుపులో పెట్టి సభ నడిపాడు. ఆ ఓటు బరువు అంటే ఇలాంటి చోట కూడా కనిపిస్తుంది.

అంతటి మనిషి 2004లో ఓడిపోయారు. ఎన్ని ఓట్లతోనో ఊహించండి. ఎవరైనా చెప్పండి. వెయ్యి? ఐదు వందలా? డెబ్బై ఒక్క ఓట్లు. జనతాదళ్ (యునైటెడ్) అభ్యర్థి డాక్టర్ పూకున్హి కోయకు 15,597, సయీద్‌కు 15,526. ముప్పై ఏడేళ్ళ ప్రాతినిధ్యం రెండు మూడు వీధుల ఓట్ల తేడాతో ముగిసింది. ఆయన ఆ తరువాత కేంద్రంలో విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు, 2005 డిసెంబరులో కన్నుమూశారు. 2009లో ఆయన కుమారుడు హందుల్లా సయీద్ గెలిచారు. 2014లో ఎన్‌సీపీ నుంచి మహమ్మద్ ఫైజల్ 1,535 ఓట్లతో ఆయనను ఓడించారు. 2019లో మళ్ళీ ఫైజలే, తేడా 823. మన దగ్గర కార్పొరేటర్లు కూడా ఇంతకంటే పెద్ద మెజారిటీతో గెలుస్తుంటారు.

ఇలాంటి చోట ఓటు అంటే ముఖం తెలిసిన మనిషి ఓటు. ఏ ఇంట్లో ఎవరు ఎటువైపో ఊరంతటికీ తెలుస్తుంది. ఒక ఇంటివారు కొచ్చిలో ఆగిపోతే అభ్యర్థి గుండెలో రాయి పడుతుంది. ఎందుకు ఆగిపోతారంటారా? చదువుకు, వైద్యానికి, ఉద్యోగానికి దీవుల వారు కేరళకు వస్తారు. ఓటు మాత్రం దీవిలోనే ఉంటుంది. తిరిగి వెళ్ళాలంటే ఓడ ఎక్కాలి, కొచ్చి నుంచి దీవిని బట్టి 14 నుంచి 20 గంటల ప్రయాణం. మనం సంక్రాంతికి, ఓట్లకు బస్సు టికెట్ దొరకలేదని గోల పెడతాం. వాళ్ళు ఓడ టికెట్ దొరకలేదంటారు, అదొక్కటే తేడా. అక్కడ ఎన్నికల ఉపన్యాసాల్లో ముందు వినిపించే మాట కూడా ఓడే. ఎన్ని ఓడలు తిరుగుతున్నాయి, ఎన్ని మరమ్మతులో ఉన్నాయి, రోగిని కొచ్చికి తీసుకుపోయే హెలికాప్టరు సమయానికి వస్తుందా లేదా, సూర చేపకు ధర ఎంత. పండారం భూముల సంగతి మరొకటి. ఒకప్పుడు కన్ననూరు అరక్కల్ పాలకులవై, తరువాత ప్రభుత్వానికి దఖలుపడి, కొబ్బరి సాగుకు దీవుల వారి చేతుల్లో తరాలుగా ఉన్న నేలలవి. వాటిపై హక్కు ఎవరిది అన్నది అక్కడ ప్రతి ఇంటి ప్రశ్న.

అభ్యర్థిగా నిలబడేవారికి ఇంకొక షరతు ఉంది. ఈ స్థానం షెడ్యూల్డు తెగలకు కేటాయించినది. దీవుల జనంలో నూటికి దాదాపు 95 మంది ఆ వర్గంలోకే వస్తారు. ఆ గుర్తింపుకు కొలమానం తెగ పేరు కాదు, పుట్టుక. తానూ తన తల్లిదండ్రులిద్దరూ ఈ దీవుల్లోనే పుట్టి ఉండాలని 1951 నాటి ఉత్తర్వు. మంచిదే. కానీ కాన్పు కష్టమై తల్లిని కొచ్చి ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడ పుట్టిన బిడ్డ సంగతి ఏమిటి? ఆసుపత్రి లేకపోవడం ప్రభుత్వం లోపం, ఆ లోపానికి హోదా పోగొట్టుకునేది బిడ్డ! 2008లో పార్లమెంటు ఆ ఉత్తర్వును సవరించింది. దీవుల వారికి ప్రధాన భూభాగంలో పుట్టిన పిల్లలు తిరిగి దీవుల్లో స్థిరపడితే అక్కడ పుట్టినట్టే లెక్క. ఇంత చిన్న సవరణకు ఇన్నేళ్ళు పట్టిందంటే, పట్టుబట్టి అడిగే గొంతులు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. ఒక్కటి.

ఆ ఒక్క గొంతు కూడా మూగబోతే? ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, 2023లో జరిగింది. 2009 ఎన్నికల నాటి ఒక దాడి కేసులో ఎంపీ ఫైజల్‌కు జనవరి రెండో వారంలో కవరత్తి సెషన్స్ కోర్టు హత్యాయత్నం నేరం కింద పదేళ్ళ శిక్ష వేసింది. రెండేళ్ళు, ఆపై శిక్ష పడితే సభ్యత్వం పోతుందని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. జనవరి 13న లోక్‌సభ సచివాలయం అనర్హత ప్రకటన ఇచ్చింది. 18న ఎన్నికల సంఘం ఉప ఎన్నిక ప్రకటించింది, పోలింగ్ ఫిబ్రవరి 27 అంది. వేగం గమనించండి, ఐదు రోజులు. 25న కేరళ హైకోర్టు దోషిత్వ నిర్ణయాన్ని నిలిపివేసింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి, ఎన్నిక జరిగితే గెలిచినవారికి ఏడాదిన్నర కూడా మిగలదు, అంతటి ఖర్చు, అంతటి యంత్రాంగం దేనికి అన్నది. 30న ఉప ఎన్నిక ఆపేశారు. మరి సభ్యత్వం తిరిగి ఎప్పుడు వచ్చింది? మార్చి 29న. అనర్హతకు రెండు మూడు రోజులు చాలాయి, పునరుద్ధరణకు రెండు నెలలు పట్టింది. అది కూడా ఆయన సుప్రీంకోర్టు తలుపు తట్టి, ఆ కేసు విచారణకు రావలసిన రోజు ఉదయం.

కథ అక్కడితో అయిపోయిందా? లేదు. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ హైకోర్టు ఉత్తర్వును పక్కన పెట్టి, ఎన్నిక ఖర్చు వంటివి కొలమానం కారాదని, మళ్ళీ పరిశీలించమని చెప్పింది. అక్టోబరు 3న హైకోర్టు ఈసారి నిలుపుదలకు ఒప్పుకోలేదు. 4న రెండో అనర్హత. 9న సుప్రీంకోర్టు స్టే. నవంబరు 2న రెండో పునరుద్ధరణ. ఒకే ఏడాదిలో ఒకే సభ్యుడు రెండుసార్లు బయటికి, రెండుసార్లు లోపలికి. కేసులోని న్యాయాన్యాయాలు కోర్టులవి, వాటి జోలికి నేను పోను. శిక్ష పడినవారు సభలో ఉండాలా అన్నది కూడా తేలికైన ప్రశ్న కాదు. నేను చూసేది అటువైపు ఉన్న ఓటరును. మన దగ్గర ఒక ఎంపీ పదవి పోతే ఎమ్మెల్యేలు ఏడుగురు మిగులుతారు, ముఖ్యమంత్రి మిగులుతాడు, పక్క నియోజకవర్గం ఎంపీ ఉంటాడు. అక్కడ ఆ ఒక్క కుర్చీ ఖాళీ అయితే, పంచాయతీ గడప దాటిన తరువాత ఎన్నికైన మనిషి ఒక్కడూ లేడు. ఆ ఏడాది బడ్జెట్ సమావేశాలు మొదలైనప్పుడు లక్షద్వీప్ కుర్చీ ఖాళీగా ఉంది.

2024 గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. జనవరి మొదట్లో ప్రధాని నరేంద్ర మోదీ దీవులకు వెళ్ళారు, ఆ ఫోటోలు చూసి మాల్దీవుల మంత్రులు కొందరు నోరు జారారు, దేశమంతా ఒక వారం లక్షద్వీప్ పేరు జపించింది. మన పిల్లలు కూడా టికెట్ల ధరలు వెతికారు, మా ఇంట్లోనే చూశాను. ఏప్రిల్ 19న, తొలి విడతలోనే, అక్కడ పోలింగ్ జరిగింది. మనకు మే 13న జరిగింది. నూటికి 84 మంది ఓటు వేశారు. నలుగురు అభ్యర్థులు. హందుల్లా సయీద్‌కు 25,726, ఎన్‌సీపీ చీలికలో శరద్ పవార్ పక్షాన నిలిచిన ఫైజల్‌కు 23,079. తేడా 2,647, ఆ దీవుల లెక్కలో భారీ మెజారిటీ. అజిత్ పవార్ పక్షం నుంచి బీజేపీ మద్దతుతో నిలిచిన అభ్యర్థికి వచ్చినవి 201.

జూన్ 4న ఫలితం వచ్చి ఎంపీ మారారు. అడ్మినిస్ట్రేటరు మారలేదు. మారవలసిన పని కూడా లేదు, ఆయనను నియమించినది ఆ 58 వేల మంది కాదు కనుక. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇదే.

వెనుక వరుసలో ఒకరు అండమాన్ సంగతి ఏమిటని చీటీ పంపారు. అక్కడా ఒకటే స్థానం, అక్కడా శాసనసభ లేదు. పైగా అక్కడ మన తెలుగువారే వేలాదిగా ఉన్నారు. అది మరొక రోజు మాట్లాడవలసిన విషయం. ఇక ప్రశ్నలుంటే అడగండి.